వెండితెరమీది సాము

భీమునిపట్నమున కానుకొని సముద్రమునకు అభిముఖముగా నిలిచిన పావురాలకొండమీదను, అచటినుండి విశాఖపట్నమునకు పోవు తీరమార్గమున నున్న తొట్లకొండ, బావికొండలమీదను, క్రీస్తుకు పూర్వపు శతాబ్దములనుండియే బౌద్ధభిక్షువులు విహారములు నిర్మించుకొని, కొండరాతిని తొలిచిన తొట్లలో నీరు నిలువచేసికొని, ధ్యానాధ్యయనములతో కాలము గడుపుచుండిరి. ఈ భిక్షువులు బాహుయుద్ధము నేర్చిరని చెప్పుటకు ఆధారము లేదు. అయినను, దక్షిణభారతమునుండి సముద్రమార్గమున చీనాకు పోయిన బోధిధర్ముడను భిక్షువు, హెనాన్ రాష్ట్రమున సుంగ్ పర్వతముచెంతనున్న షావోలిన్ విహారమును చేరి, ధ్యానముతోపాటు దేహసాధనను గూడ అచటివారికి ఉపదేశించెనను ఐతిహ్యము చీనాలో చిరకాలముగా ప్రచారమున నున్నది. దీనికి మూలముగా చెప్పబడు గ్రంథము 17వ శతాబ్దమునకు పూర్వము కానరాదు గనుక చరిత్రకారులు ఈ కథను అంగీకరింపరు. అంగీకరింపకున్న నేమి, శతాధిక చలనచిత్రములకు అదియే పునాది యైనది. 2011లో మురుగదాస్ దర్శకత్వమున సూర్య బోధిధర్ముడుగా నటించిన తమిళచిత్రము 'సెవెన్త్ సెన్స్' అను పేర తెలుగున వెలువడినపుడు, ఆ కథ మన ప్రేక్షకులకును ఇంటి కథవలెనే పరిచయమయ్యెను.

కుంగ్‌ఫూ చిత్రమనగా కేవలము కొట్లాటల పరంపర యని తలచువారు మనలో పెక్కుమంది కలరు. అట్లు తలచుట ఆ చిత్రములకు అన్యాయము చేయుటయే. కొట్లాటలు ఏ దేశపు సినిమాలోనైనను కలవు. ఈ చిత్రములకు ప్రాణము సాధన. 1978లో లావ్ కార్‌లియుంగ్ దర్శకత్వమున వెలువడిన 'షావోలిన్ 36వ గది' అను చిత్రమున, మంచూ ప్రభువుల దౌర్జన్యమునకు తనవారిని కోల్పోయిన యువకుడొకడు ప్రతీకారవాంఛతో విహారమును చేరగా, గురువులు వానికి వెంటనే పిడికిలి బిగించుట నేర్పరు. నీటిపై తేలు దుంగలమీద తడబడక అడుగువేసి దాటినగాని వానికి భోజనశాల ప్రవేశము లేదు. రెండు చేతులును బారచాచి నీళ్ల బిందెలు మోయవలెను; బాహువులకు కట్టిన కత్తులు, చేతులు దిగజారిన క్షణమున పక్కటెముకలలో గ్రుచ్చుకొనును. పొడవైన కోలకొనను బిగించిన సుత్తిని మణికట్టు బలముతో మాత్రమే ఆడించి గంట మ్రోగింపవలెను. వ్రేలాడు ఇసుకమూటలను తలతో కొట్టుచు నడువవలెను. చిత్రములో సగమునకు దగ్గరగా ఈ శిక్షణయే నిండియున్నను, ప్రేక్షకునకు విసుగు పుట్టదు సరికదా, కథానాయకుని చేయి ఒక్క అంగుళము పైకి లేచినపుడు తన చేయియే లేచినట్లుండును. పగతో వచ్చిన ఆ యువకుడు 35 గదుల విద్యయు ముగించినపిమ్మట, సామాన్యజనులకు గూడ ఈ విద్య అందుటకై 36వ గదిని నెలకొల్పవలెనని కోరుట ఈ కథకు పరాకాష్ఠ. గోర్డన్ లియు అను నటుడు ఈ పాత్రను ధరించెననుట కంటె, దేహముతో వ్రాసెననుట సమంజసము.

ఈ చిత్రజాతి పుట్టినది షాంఘైలో. 1928లో అచట వెలువడిన 'ఎఱ్ఱతామర ఆలయ దహనము' అను మూకీచిత్రమునకు జనము విరుగబడగా, నిర్మాతలు దానిని 18 భాగములవరకు పెంచుకొనిపోయిరి. అదే సంవత్సరమున, సేనానాయకుల అంతఃకలహములలో, షావోలిన్ విహారము నిజముగనే అగ్నికి ఆహుతియగుట చరిత్రలోని విచిత్రములలో నొకటి. ఆకాశమున ఎగురు యోధులును, మంత్రశక్తి గల కత్తులును ప్రజలలో మూఢవిశ్వాసములను పెంచుచున్నవని నాటి ప్రభుత్వము కొలది యేండ్లకే ఇట్టి చిత్రములను నిషేధించుటతో, ఈ కళ క్రమముగా హాంగ్‌కాంగునకు తరలెను. 1949 మొదలుకొని అచట క్వాన్ తక్‌హింగ్ అను నటుడు వాంగ్ ఫెయ్‌హుంగ్ పాత్రను 70కి పైగా చిత్రములలో ధరించి, తెరమీద మాయలకు మారుగా అసలైన విద్యను ప్రదర్శించు సంప్రదాయమునకు దారితీసెను. వాంగ్ కల్పితపురుషుడు కాడు. 1847లో జన్మించి 1925 వరకు జీవించిన వైద్యుడు, యుద్ధవిద్యాగురువు. ఆయన శిష్యుడు లామ్ సాయ్‌వింగ్. లామ్ శిష్యుడు లావ్ చామ్. లావ్ చామ్ కుమారుడే పైన చెప్పిన 36వ గది దర్శకుడు. మన సంగీతవిద్వాంసుడు త్యాగరాజస్వామి శిష్యపరంపరలో తన స్థానమును చెప్పుకొనినంత సగర్వముగా చెప్పుకొనదగిన గురుపరంపర యిది. తెరమీది ఒక్కొక్క హస్తవిన్యాసము వెనుక నాలుగు తరముల అభ్యాసము నిలిచియున్నది.

బ్రూస్‌లీని గూర్చి తెలుగువారికి క్రొత్తగా చెప్పవలసినది స్వల్పము. 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించి, హాంగ్‌కాంగులో పెరిగి, ఇప్‌మన్ వద్ద వింగ్‌చున్ అభ్యసించిన ఆయన, 1971లో 'ది బిగ్ బాస్', 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' చిత్రములతో ఆసియా ఖండమును ఉఱ్ఱూతలూపి, 1973 జూలై 20న, 32 ఏండ్లకే కన్నుమూసెను. 'ఎంటర్ ది డ్రాగన్' అమెరికాలో విడుదలగునాటికి ఆయన లేడు. పరపీడనమునకు లోనైన జాతికి చెందిన బక్కపలుచని మనుష్యుడు, మరతుపాకి లేకుండ, కేవలము తన దేహమును నమ్ముకొని బలవంతుని ఎదిరించుట, వలసపాలనను చవిచూచిన దేశములన్నిటను హృదయములను కదలించెను. కూలిజనము, ఓడరేవుల పనివారు, కళాశాల విద్యార్థులు ఆయన చిత్రపటమును గోడకు తగిలించుకొనిరన్నచో, అది ఒక నటునిమీది మోజు మాత్రమే కాదు.

ఆయన తరువాత వచ్చిన జాకీచాన్ పాఠశాల వేరు. పెకింగ్ సంగీతనాటకమును నేర్పు గురుకులమున ఏడేండ్ల ప్రాయమున చేరి, పదేండ్లు పిల్లిమొగ్గలతోను బెత్తపుదెబ్బలతోను పెరిగిన ఆయన, 1978లో యుయెన్ వూపింగ్ దర్శకత్వమున 'డ్రంకెన్ మాస్టర్'లో యుద్ధమును హాస్యముతో జోడించెను. ఈ నాటకరంగవారసత్వము కుంగ్‌ఫూ చిత్రముల లయకు మూలము. దెబ్బకును దెబ్బకును నడుమ ఒక లిప్తకాలము దేహము నిశ్చలభంగిమలో నిలుచును. ఆ నిలుపుదలవలననే ముందు దెబ్బ అర్థమగును, రాబోవు దెబ్బకు మనస్సు సిద్ధపడును. ఛాయాగ్రాహకుడు పాదములనుండి శిరస్సువరకు నటుని సంపూర్ణాకృతిని చూపుచు, తొందరపడి కోతలు పెట్టకుండుట ఇందులకు అవసరమైన మర్యాద.

ఇట్టి చిత్రములు మన ప్రాంతమునకు వచ్చుసరికి నేల సిద్ధమైయున్నది. ఉత్తరాంధ్రమున తాలింఖానాలు, కర్రసాము, కత్తిసాము ప్రజాజీవనమున భాగములు. 1882లో వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పెరిగి, వ్యాయామోపాధ్యాయుడై, సర్కసు నెలకొల్పి, రొమ్ముపై ఏనుగును నిలిపికొని, ఉక్కుగొలుసులను త్రెంచిన కోడి రామమూర్తినాయుడు ఈ గడ్డవాడు. 'కలియుగభీము'డని జనమిచ్చిన బిరుదు భీముని పేర వెలసిన ఊరివారికి ఎంత ప్రియమైనదో వేరుగ చెప్పనక్కరలేదు. వెండితెరమీద, 1951 నాటి 'పాతాళభైరవి' మొదలుకొని విఠలాచార్య చిత్రములవరకు, కాంతారావు కత్తియుద్ధములవరకు, జానపదకథలు మనకు అద్భుతమును సాహసమును కలిపి రుచిచూపించినవి. కనుకనే చీనా ఖడ్గవీరుల కథలు మనకు పరాయివిగ తోచలేదు.

తెలుగుచిత్రములు ఈ విద్యను స్వీకరించిన తీరు మాత్రము నాకు కొంత అసంతృప్తిని కలిగించుచున్నది. కరాటే నేర్చిన సుమన్, భానుచందర్ 1980వ దశాబ్దిలో మన పోరాటసన్నివేశములకు క్రొత్త వేగమును తెచ్చిరి. 1984 నాటి 'మెరుపుదాడి'లో ఇరువురును కలిసి నటించిరి. విశాఖపట్నమున సత్యానంద్ వద్ద నటన నేర్చిన పవన్ కల్యాణ్, 1996లో తన తొలిచిత్రమునందే కార్లను చేతులమీదుగా పోనిచ్చి రామమూర్తినాయుని కాలపు బలప్రదర్శనలను స్మరింపజేసెను. 1999లో 'తమ్ముడు'న కిక్‌బాక్సింగ్ శిక్షణనే కథకు మలుపుగా నిలిపెను. 2001లో ఎన్. శంకర్ దర్శకత్వమున శ్రీహరి నటించిన 'భద్రాచలం' టైక్వాండో క్రీడను, 2003లో పూరి జగన్నాథ్ తీసిన 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి' కిక్‌బాక్సింగును ఆధారము చేసికొనినవి. పనికిమాలినవాడని పేరుపడిన కుర్రవాడు, తెల్లవారుజామున లేచి, చెమటోడ్చి, తనను తాను మలచుకొను కథ కనుకనే 'తమ్ముడు' మా ప్రాంతపు యువకుల మనస్సులలో నేటికిని నిలిచియున్నది. తక్కిన పెక్కు చిత్రములలో కాలు గాలిలోనికి లేచును గాని, ఆ కాలు లేచుటకు పట్టిన సంవత్సరములు కానరావు. కథానాయకుడు పుట్టుకతోనే అజేయుడు. వానికి గురువు లేడు, ఓటమి లేదు, బొబ్బలెక్కిన అరచేయి లేదు. త్రాళ్లును, గణకయంత్రములును చేయు అద్భుతమునకు నేను విరోధిని కాను; 'ది మ్యాట్రిక్స్' పోరాటములను కూర్చినవాడు సాక్షాత్తు యుయెన్ వూపింగే. ఆయన కూడ నటులకు ముందుగా నెలలతరబడి శిక్షణ నిచ్చెను, పిమ్మటనే త్రాడు కట్టెను.

ఈ చిత్రములను క్రొత్తగా చూడగోరువారు 'షావోలిన్ 36వ గది'తో ప్రారంభించి, పిల్లలతో కలసి 'డ్రంకెన్ మాస్టర్' చూచి, అటుపిమ్మట 'ఎంటర్ ది డ్రాగన్'లోని అద్దాలగది పోరాటమునకు పోవుట మేలు. వీనికి అలవాటుపడినవారు కింగ్ హు తీసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్'ను విడువరాదు. 1975లో కాన్ చిత్రోత్సవమున సాంకేతిక పురస్కారమును పొందిన ఆ చిత్రము నిడివి దాదాపు మూడు గంటలు; తొలి గంటలో ఇంచుమించుగా ఒక్క కత్తియు ఒరనుండి వెలువడదు. ఓపిక పట్టినవారికి అటుపిమ్మట వెదురుతోపులోని యుద్ధము ఎదురగును. అది ముగిసినపిమ్మట వచ్చు భిక్షువులను చూచినవారు పావురాలకొండ నెక్కునపుడు తప్పక తలచుకొందురు.