తెలిసినది, తెలియనిది

క్రొత్త వ్యాధి యేదైన వ్యాపింప నారంభించినపుడు మనమందరము అడుగు మొదటి ప్రశ్న “ఇది ఎట్లు అంటుకొనును?” అనునదే. అప్పటికి శాస్త్రజ్ఞులకు సయితము పూర్తి సమాధానము తెలిసియుండదు. అయినను వారు ఏదో యొకటి చెప్పక తప్పదు.

మన సికిందరాబాదు ఉదాహరణమునే తీసికొందము. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అచ్చట, మలేరియా రోగి రక్తము పీల్చిన దోమ కడుపు గోడలో ఆ వ్యాధి పరాన్నజీవిని కనుగొనెను. అది దోమలో పెరుగునని తేలినది. దోమనుండి మనుష్యునకు ఎట్లు చేరునో మాత్రము తేలలేదు. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటవలన కావచ్చునని రాస్‌కు మార్గదర్శియైన పాట్రిక్ మాన్సన్ ఊహించెను. 1898లో కలకత్తాలో పక్షులపై చేసిన పరీక్షలలో, వాటికి మలేరియా దోమకాటు వలననే సోకునని రాస్ చూపెను. ఋజువైనది, ఊహించినది, పరీక్షింపవలసినది అను మూడును వేర్వేరు. వీనిని కలిపి చెప్పినచో ప్రజలకు చిక్కు వచ్చును.

2020లో కోవిడ్ విషయమున ఇట్టి చిక్కే వచ్చినది. ఆ యేడు మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఈ వ్యాధి గాలి ద్వారా వ్యాపించదని నిశ్చయముగా ప్రకటించినది. వ్యాపించుననుటకు గట్టి సాక్ష్యము లేదని వారి భావము. కాని వ్యాపించదని ఋజువైనదియు లేదు. “సాక్ష్యము దొరకలేదు” అనుట వేరు, “అట్లు జరుగదు” అనుట వేరు. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞుల మద్దతుతో ఒక విజ్ఞప్తి వెలువడినది. సూక్ష్మమైన తుంపరలు గదిలోని గాలిలో తేలుచుండునని, కావున గాలి చక్కగా ఆడవలెనని దాని సారాంశము. 2021 ఏప్రిల్‌లో సంస్థ తన వివరణను సవరించుకొన్నది. ఈలోపల అనేక గృహములలో కూరగాయలను కడుగుటయందున్న శ్రద్ధ కిటికీలు తెరచుటయందు లేకపోయెను. కలుషితమైన వస్తువును ఒకసారి తాకుటవలన వ్యాధి సోకు అవకాశము సాధారణముగా 10,000లో 1 కంటె తక్కువయని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో తెలిపినది.

మరి ఎట్లు చెప్పవలసియుండెను? “దగ్గు తుంపరలవలన సోకునని తెలిసినది. గాలిలో తేలు సూక్ష్మ కణములవలన సోకునో లేదో ఇంకను తేలలేదు, పరిశీలించుచున్నాము. అందాక కిటికీలు తెరచియుంచుడు. క్రొత్త ఆధారము దొరకిన ఈ సలహా మారవచ్చును.” ఇందు తెలియదను మాట ఉన్నది, చేయవలసిన పనియు ఉన్నది. కిటికీ తెరచుటకు ఖర్చు లేదు. అట్టి జాగ్రత్తకు పూర్తి ఋజువు వచ్చువరకు ఆగ నక్కరలేదు.

వినెడు మనకును కొంత బాధ్యత కలదు. ఆరోగ్య ప్రకటనను వినునపుడు ఏది తెలిసినది, ఏది తెలియనిది, తెలియువరకు ఏమి చేయవలెను అని మూడు ప్రశ్నలు వేసికొందము. నిన్నటి సలహా నేడు మారినంతమాత్రమున శాస్త్రజ్ఞులు అబద్ధమాడిరని అనుకొనరాదు. ఏ ఆధారమును చూచి మార్చిరో చెప్పుమని అడుగుట మాత్రము మన హక్కు. ఆ సంగతి విప్పి చెప్పినవారి మాటను మరుసటి వ్యాధి వచ్చినపుడు జనులు నమ్ముదురు.