కండరం తినే చక్కెర

ఇన్సులిన్ ప్రభావంతో రక్తం నుంచి తొలగే గ్లూకోజులో పెద్ద వాటా కండరాలకే పోతుంది. ఇన్సులిన్ తగలగానే కండర కణంలో దాగి ఉన్న గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్లు పైపొరకు వచ్చి గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. టైప్-2 మధుమేహంలో ఆ కబురు కణానికి సరిగా అందదు. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోనే నిలిచిపోతుంది. అయితే పనిచేసే కండరానికి ఇంకో దారి ఉంది. కండరం ముడుచుకున్నప్పుడు కణంలో కాల్షియం పెరుగుతుంది, శక్తి నిల్వ తగ్గుతుంది, ఏఎంపీకే అనే ఎంజైము చురుకవుతుంది. ఈ మార్పులు ఇన్సులిన్‌తో పని లేకుండానే గ్లూట్-4ను పైకి తెస్తాయి. ఇన్సులిన్‌కు సరిగా స్పందించని ఒంట్లో కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. వ్యాయామం షుగరును దించడానికి అసలు కారణం ఇదే.

నడక ఆపిన కొన్ని గంటలకు ఈ దారి సన్నగిల్లుతుంది. ఖర్చయిన నిల్వలను నింపుకునే కండరం మాత్రం ఆ తర్వాత కూడా ఇన్సులిన్‌కు మునుపటికంటే బాగా స్పందిస్తుంది. ఈ గుణం ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది, అంతే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కావాలని, వరుసగా రెండు రోజులకు మించి మానకూడదని వైద్యులు చెప్పేది అందుకే.

తమిళనాడులోని దిండిగల్ జిల్లాకు నడక కొత్త కాదు. తై పూసం పండుగకు కారైక్కుడి వైపు నుంచి నత్తం, దిండిగల్, ఒడ్డన్‌ఛత్రం మీదుగా పళనికి పాదయాత్రలు సాగుతాయి. దిండిగల్ నుంచి పళని సుమారు 60 కిలోమీటర్లు. నాయక రాజుల నాటి నుంచి ఈ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారూ ఆ బాటన నడుస్తారు. భక్తిగా అది ఎంత గొప్పదైనా, ఏడాదికొకసారి చేసిన నడక ఫలం రక్తంలో వారం రోజులు కూడా నిలవదు. రోజూ పెరట్లో, వీధిలో వేసే అర గంట అడుగులే షుగరును అదుపులో ఉంచుతాయి.

దీనికి గట్టి రుజువు తమిళనాడులోనే దొరికింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వ్యాధి అంచున ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్ళు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాలు మాత్రమే పొందిన వర్గంలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండి సరిచేసుకుని రోజుకు కనీసం అర గంట నడిచిన వర్గంలో అది 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న వర్గంలో 40.5 శాతం. అంటే నడక, మితాహారం కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయి. ఇంకా విలువైన సంగతి ఏమిటంటే, అలవాట్లు మార్చుకున్నవారి బరువు పెద్దగా తగ్గలేదు. తూకంలో మార్పు లేదని నిరాశపడి నడక మానేసేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. బరువు దిగకపోయినా మేలు జరుగుతూనే ఉంటుంది. తమిళనాడు ఆరోగ్యశాఖ 2023 నవంబరులో ప్రతి జిల్లాలోనూ 8 కిలోమీటర్ల నడకబాటలు ఏర్పాటు చేయడం కూడా సరైన ఆలోచనే.

ఎంతసేపు నడిచారన్నదే కాదు, ఎప్పుడు నడిచారన్నదీ ముఖ్యమే. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన పరిశోధనలో టైప్-2 మధుమేహం ఉన్న 41 మంది పాల్గొన్నారు. రోజులో ఏదో ఒక వేళ అర గంట నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిస్తే భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తగ్గింది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. రాత్రి దోసెలో, సీరగ సంబా బియ్యం బిర్యానీయో తిని వెంటనే పడుకునే ఇళ్ళలో పాటించదగ్గ పద్ధతి ఇది. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తడం, కుర్చీలోంచి పదేపదే లేచి కూర్చోవడం వంటి కండబలం పెంచే పనులూ చేస్తే చక్కెరను దాచుకునే చోటే పెరుగుతుంది.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు నడకలో చక్కెర మరీ పడిపోకుండా చూసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. చేతులు వణకడం, చెమటలు పట్టడం, కళ్ళు తిరగడం చక్కెర పడిపోతోందనడానికి గుర్తులు. మీటరులో 70 కంటే తక్కువ కనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. పగలంతా నడిచినవారికి అర్ధరాత్రి నిద్రలోనూ చక్కెర పడిపోవచ్చు కాబట్టి పాదయాత్రకు ముందే మందు మోతాదు గురించి వైద్యుణ్ణి అడగాలి. కంటి రెటీనాలో రక్తనాళాలు బలహీనపడినవారు పెద్ద బరువులు ఎత్తకూడదు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త పాదాల గురించి. పేదవాడైన ప్రమేహ (మధుమేహ) రోగిని చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవమంది సుశ్రుత సంహిత. నడక మందని అంత పూర్వమే గుర్తించడం గొప్ప విషయం. చెప్పులు వద్దన్న మాటను మాత్రం నేటి వైద్యం ఒప్పుకోదు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో పాదాల నరాలు మొద్దుబారతాయి. కాలుతున్న తారు రోడ్డు తెలియదు, గుచ్చుకున్న ముల్లు తెలియదు, బొబ్బ చితికి పుండైనా నొప్పి పుట్టదు. అలాంటివారు ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్) రబ్బరు వేసిన మెత్తటి చెప్పులతోనే నడవాలి. రోజూ సాయంత్రం అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి, కళ్ళు ఆనకపోతే ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోవాలి. పుండు కనిపిస్తే నడక ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. అది మానేదాకా కుర్చీలో కూర్చుని చేతులతో చేసే వ్యాయామాలు చేసుకోవచ్చు.