ఇరుపక్షాల నడుమ నిలిచిన న్యాయవాది

1963 జూన్ 15. అమెరికాలో మిసిసిపి రాష్ట్ర రాజధాని జాక్సన్ నగరం. మూడు రోజుల క్రితం సొంత ఇంటి ముంగిట హత్యకు గురైన నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్ అంత్యక్రియలు ముగిశాయి. దుఃఖంతో, కోపంతో రగిలిపోతున్న యువకులు పోలీసుల మీద రాళ్లు, సీసాలు విసరసాగారు. పోలీసుల చేతుల్లో తుపాకులున్నాయి. ఆ క్షణంలో తెల్లచొక్కా తొడుక్కున్న ఒక పొడవాటి తెల్లజాతి వ్యక్తి రెండు గుంపుల మధ్యకు నడిచి వెళ్లాడు. తన పేరు జాన్ డోర్ అనీ, న్యాయశాఖ నుండి వచ్చాననీ బిగ్గరగా చెప్పి, ఇళ్లకు వెళ్లండని బతిమాలాడు. జనం వెనక్కి తగ్గారు. రక్తపాతం తప్పింది.

తెల్లవాడి మాటను వారెందుకు విన్నారు? అంతకు ముందు మూడేళ్లుగా ఆయన చేసిన పనే అందుకు కారణం.

డోర్ 1921లో జన్మించారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని న్యూ రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో ప్లీడరుగా ఉంటూ, 1960లో ప్రభుత్వ న్యాయశాఖలోని పౌరహక్కుల విభాగంలో చేరారు. టెన్నెసీ రాష్ట్రంలోని హేవుడ్ కౌంటీలో, ఓటర్లుగా నమోదైనందుకు నల్లజాతి పాలికాపులను భూస్వాములు పొలాల నుండి వెళ్లగొడుతున్నారని ఫిర్యాదు వచ్చింది. ఆయన ఆఫీసులో కూర్చుని కాగితాలు చూడలేదు. స్వయంగా వెళ్లి వారి గుడిసెల్లో కూర్చుని విన్నారు. ప్రభుత్వం కోర్టుకెక్కి, ఆ వెళ్లగొట్టడాన్ని ఆపించింది.

మిసిసిపిలో మోసం మరింత నేర్పుగా సాగేది. ఓటరుగా చేరాలంటే రాజ్యాంగంలోని ఒక భాగానికి అర్థం రాయాలి. డిగ్రీలున్న నల్లజాతి ఉపాధ్యాయులు కూడా "తప్పేవారు". అరకొర చదువు తెల్లవారు నెగ్గేవారు. డోర్, ఆయన తోటి న్యాయవాదులు రిజిస్టర్లను ఫోటోలు తీయించి, జవాబులను పక్కపక్కన పెట్టి న్యాయమూర్తుల ముందుంచారు. పేరు రాని, విసుగు పుట్టించే పని అది. అయితే 1965లో ఓటు హక్కుల చట్టం రావడానికి అలాంటి సాక్ష్యమే ఆధారమైంది.

1964 జూన్ 21న నెషోబా కౌంటీలో ముగ్గురు యువ పౌరహక్కుల కార్యకర్తలు అదృశ్యమయ్యారు. 44 రోజుల తర్వాత ఒక మట్టికట్ట కింద వారి శవాలు దొరికాయి. రాష్ట్ర ప్రభుత్వం హత్యకేసు పెట్టలేదు. హత్యానేరం మీద విచారించే అధికారం కేంద్రానికి లేదు. అందుచేత, పౌరుల హక్కులను హరించడానికి కుట్ర పన్నారంటూ 1870 నాటి పాత చట్టం కింద కేసు నడిపారు. కింది కోర్టు చాలా అభియోగాలను కొట్టివేసింది. 1966లో సుప్రీంకోర్టు వాటిని తిరిగి నిలబెట్టింది. 1967 అక్టోబరులో మెరిడియన్ పట్టణంలో అంతా తెల్లవారే ఉన్న జ్యూరీ ముందు డోర్ స్వయంగా వాదించారు. 18 మంది ముద్దాయిలలో 7గురు దోషులని తేలింది. వారిలో ఒక డిప్యూటీ షెరీఫు కూడా ఉన్నాడు.

ఇక్కడ మనల్ని కలవరపెట్టే సంగతి ఒకటుంది. ముద్దాయిలలో ఎడ్గర్ రే కిలెన్ ఒక బాప్టిస్టు బోధకుడు. జ్యూరీలో 11 మంది అతడు దోషి అన్నారు. ఒక స్త్రీ మాత్రం బోధకుణ్ణి దోషి అనలేనన్నది. అతడు బయటపడ్డాడు. హత్యలు జరిగిన 41 ఏళ్ల తరువాత, 2005లో గాని రాష్ట్ర కోర్టు అతనికి శిక్ష వేయలేదు. వేసుకున్న అంగీని చూసి న్యాయాన్ని తూచితే జరిగేది ఇదే.

డోర్ 1967లోనే న్యాయశాఖ విడిచిపెట్టారు. 1974లో అధ్యక్షుడు నిక్సన్‌పై విచారణ జరిపిన పార్లమెంటు కమిటీకి ముఖ్య న్యాయవాదిగా పనిచేశారు. 2012లో దేశపు అత్యున్నత పౌర పతకం అందుకుని, 2014లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

వెళ్లి చూడడం, ఓపికగా వినడం, విన్నది రాసిపెట్టడం, మధ్యలో వదిలిపెట్టకపోవడం. ఆయన జీవితమంతా ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోతుంది. మన ఆఫీసులోనో, వీధిలోనో, సంఘంలోనో ఎవరైనా "నాకు అన్యాయం జరిగింది" అన్నప్పుడు, తొందరపడి తీర్పు చెప్పకుండా ముందు వారి గుమ్మం దాకా వెళ్లగలమా?