లాంచీకి తాబేలు ఎందుకు తప్పుకోదు?

ఓ ఆదివారం మా ధారావి చాల్ పిల్లల్ని గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి ఎలిఫెంటా దీవికి లాంచీలో తీసుకెళ్లాను. రేవు దాటాక ఒక పిల్ల కమ్మీ మీదికి వాలి నీళ్లలోకి చూస్తూ, "మామా, కింద తాబేలుంటే లాంచీ గుద్దదా?" అని అడిగింది. మోత వింటుంది, తప్పుకుంటుంది అన్నాను. "వినపడితే తప్పుకునుడేనా? మొన్న నువ్వు టెంపోకు తప్పుకోలే గదా" అంది. నిజమే. 90 ఫీట్ రోడ్డులో వెనకనుంచి వచ్చిన టెంపో నా సంచిని రాసుకుంటూ పోయింది. హారన్ వినపడింది కానీ, అది నాకే కొడుతున్నాడని అర్థం కాలేదు.

ఆ పిల్ల మాటలోనే సగం జవాబు ఉంది. మిగతా సగం తర్వాత చదివి తెలుసుకున్నాను.

ముందు, ముంబై నీళ్లలో తాబేళ్లూ తిమింగలాలూ ఎక్కడున్నాయన్న అనుమానం తీర్చుకుందాం. ధారావిలో ఉండేవాళ్లకు సముద్రం అంటే మాహిం ఖాడీలో నల్లటి నీళ్లే. నిజానికి ధారావి కోలీ జాలర్ల ఊరు. బొంబాయిలోని ఆరు పెద్ద కోలీవాడల్లో ఇదొకటని 1909 నాటి గెజిటీర్‌లో ఉంది. దీవుల మధ్య నీటిని పూడ్చి ఈ నగరాన్ని కట్టినప్పుడు రాళ్లూ మట్టీ మోసిన కూలీల్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన మన తెలుగు కామాటీలు ఉన్నారు. కామాటిపురకు వాళ్ల పేరే మిగిలింది. పూడ్చిన చోట మనం ఉంటున్నాం, పూడ్చని చోట అవి ఉంటున్నాయి. 2018 మార్చిలో వర్సోవా బీచ్ ఇసుకలోంచి దాదాపు 80 ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి పాకాయి. 2016 జనవరి చివర్లో జుహూ ఒడ్డుకు సుమారు 35 అడుగుల బ్రైడ్స్ తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. చూడటానికి ఊరంతా కదిలింది.

2021లో ఒడిశా తీరంలో శాస్త్రవేత్తలు ఈత కాలికి బిళ్ల తగిలించి వదిలిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఇసుకలో గుడ్లు పెట్టింది. తూర్పు నుంచి పడమటి తీరానికి వలస వచ్చింది మనమొక్కరమే కాదన్నమాట. ఎదురు దిక్కున వెళ్లినదీ ఉంది. 2023 ఫిబ్రవరిలో గుహాగర్‌లోనే ఉపగ్రహ పరికరం అమర్చిన 'బాగేశ్రీ' అనే తాబేలు శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలోకి పోయింది.

ఇక అసలు విషయం. తాబేలు, తిమింగలం, సముద్రపు ఆవు (సముద్రపు అడుగున గడ్డి మేసే క్షీరదం) ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవులు. ఎంత లోతుకు వెళ్లినా గాలి కోసం పైకి రావాల్సిందే. జత కట్టే కాలంలో ఆలివ్ రిడ్లీ జంటలు చాలాసేపు నీటి పైపైనే తేలుతుంటాయి. తిమింగల సొర (వేల్ షార్క్) మాత్రం చేపే, మొప్పలతోనే పీలుస్తుంది. అయినా దాని మేత పైనీళ్లలో దొరుకుతుంది కాబట్టి అదీ అక్కడే తిరుగుతుంది. పడవ అడుగుభాగం, పంకా (ప్రొపెల్లర్) ఉండేదీ ఆ పైనీళ్లలోనే.

మరి మోత వినపడదా? నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, అంటే గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగం. కాబట్టి మోత అందకపోవడం సమస్య కాదు. అది ఎటునుంచి వస్తోందో, ఎంత దగ్గరికొచ్చిందో తెలియకపోవడమే సమస్య. దీనికి మూడు కారణాలున్నాయి.

ఇంజిను, పంకా ఉండేది అమరం (పడవ వెనుకభాగం) వైపు. గుద్దేది అణియం (ముందుభాగం). మధ్యలో పడవ ఒళ్లే గోడలా అడ్డు నిలిచి, వెనక పుట్టిన మోతను ముందుకు పూర్తిగా పోనివ్వదు. పెద్ద ఓడల దగ్గర ఇది మరీ ఎక్కువ. ఓడకు సరిగ్గా ఎదురుగా ఉన్న జీవికి, పక్కన ఉన్నదానికన్నా మోత తక్కువగా వినిపిస్తుంది. అంటే ప్రాణాపాయం ఉన్నచోటే హెచ్చరిక పలచబడుతోంది. రెండోది నీటి ఉపరితలం. అది శబ్దానికి అద్దంలా పనిచేస్తుంది. పైకి పోయిన మోత అక్కడ తలకిందులై తిరిగొచ్చి, అసలు మోతను కొంత చంపేస్తుంది. ఇంజిన్ల బొంగురు మోత పైనీళ్లలో ఇలా బలహీనపడుతుంది. ఊపిరి కోసం పైకొచ్చిన జీవి ఉండేది అక్కడే. మూడోది రేవులోని రొద. లాంచీలు, టగ్గులు, నావా షేవా రేవుకు వచ్చీపోయే కంటైనర్ ఓడలు అన్నీ కలిసి ఎడతెగకుండా మోగుతుంటే, అందులో తన మీదికి వచ్చేది ఏదో పోల్చుకోవడం కష్టం. 90 ఫీట్ రోడ్డులో నాకు జరిగిందీ ఇదే.

వినపడినా తప్పుకోవాలన్న తెలివి రావాలి కదా. నీటి పైన ఇంత వేగంగా, తిన్నగా దూసుకొచ్చే శత్రువు ఈ జీవులకు లక్షల ఏళ్ల బతుకులో ఎదురుకాలేదు. ఓడలు దగ్గరికొచ్చినప్పుడు నీలి తిమింగలాలు ఏం చేస్తాయో కాలిఫోర్నియా తీరంలో గమనించారు. అవి పక్కకు మళ్లలేదు. కొన్ని నెమ్మదిగా, కొద్ది లోతుకు మాత్రం మునిగాయి. ఆ మునక ఓడ అడుగును దాటేంత లోతు కాకపోవచ్చు.

తాబేలుది ఇంకో కథ. ఆస్ట్రేలియాలోని మోర్టన్ అఖాతంలో పరిశోధకులు చిన్న పడవను వేర్వేరు వేగాలతో తాబేళ్ల మీదుగా నడిపి, ఎన్ని తప్పుకుంటాయో లెక్కపెట్టారు. ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. పడవ గంటకు 4 కిలోమీటర్ల వేగంతో వస్తే నూటికి 60 తాబేళ్లు పారిపోయాయి. 11 కిలోమీటర్లయితే 22. 19 కిలోమీటర్లయితే 4 మాత్రమే. అవి చెవికన్నా కంటినే ఎక్కువ నమ్ముకుంటున్నాయని ఆ పరిశోధకుల అంచనా. పడవ కంటికి కనిపించేసరికి అది మీదికొచ్చేసి ఉంటుంది. ఎలిఫెంటా దాకా సుమారు 10 కిలోమీటర్లు, లాంచీకి దాదాపు గంట పడుతుంది. అంటే మనం ఎక్కే లాంచీ ఆ లెక్కలో నడిమి వరసలోకి వస్తుంది. పైగా మోర్టన్ అఖాతపు నీళ్లు కాస్త తేటగా ఉంటాయి. మన రేవు నీళ్లు బురదవి.

ఓడల వేగాన్ని నాట్లలో కొలుస్తారు (ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు). 50 మీటర్ల దూరంలో ఒక తాబేలు తల కనిపించిందనుకోండి. 10 నాట్ల వేగంతో పోయే పడవ అక్కడికి చేరడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. 25 నాట్లయితే 4 సెకన్లే. సరంగు చూడటం, నిర్ణయించుకోవడం, చుక్కాని తిప్పడం, పడవ మళ్లడం అంతా ఆ 4 సెకన్లలో కావాలి. దెబ్బలోని శక్తి వేగంతో సమానంగా కాక వేగపు వర్గంతో పెరుగుతుంది. 10 నాట్ల దెబ్బకన్నా 25 నాట్ల దెబ్బలో ఆరు రెట్లకు మించిన శక్తి ఉంటుంది. పెద్ద తిమింగలాలను ఓడలు గుద్దిన ఘటనలను లెక్కగట్టి 2007లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక అంచనా ఇచ్చారు. 15 నాట్ల దగ్గర దెబ్బ ప్రాణం తీసే అవకాశం నూటికి 79. సుమారు 8.6 నాట్లకు దిగితే 21. వేగం సగానికి దగ్గరగా తగ్గితే, చావు ముప్పు నాలుగో వంతుకు పడిపోయింది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన తీరంలో పడవల వేగం పెరుగుతోంది. ముంబై నుంచి సింధుదుర్గ్ జిల్లాలోని విజయదుర్గ్ దాకా నడపడానికి 2025లో ప్రకటించిన రోరో ఓడ (వాహనాలనూ ఎక్కించుకునేది) వేగం 25 నాట్లు. గణపతి పండక్కి ఊరెళ్లే కొంకణ్ వాళ్లకు అది మంచి వార్తే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే సింధుదుర్గ్ తీరంలోనే బ్రైడ్స్ తిమింగలాలు, మూపురం డాల్ఫిన్లు తిరుగుతాయి. ఏ నెలలో ఏ దారి, ఎంత వేగం అన్న లెక్క సర్వీసు మొదలయ్యేటప్పుడే వేసుకుంటే ఖర్చు తక్కువ. అలవాటు పడ్డాక టైంటేబుల్ మార్చాలంటే ఎవరూ ఒప్పుకోరు.

ఇతర దేశాలు చేసిన పనులు కూడా దారి, వేగం అనే ఈ రెంటికే సంబంధించినవి. అమెరికా తూర్పు తీరంలో రైట్ తిమింగలాలుండే చోట్ల, అవి తిరిగే నెలల్లో, 65 అడుగులూ అంతకు మించిన ఓడలు 10 నాట్లు దాటరాదని 2008లో నిబంధన పెట్టారు. ఫ్లోరిడాలో మానటీ (సముద్రపు ఆవుకు దగ్గరి చుట్టం) ఉండే కాలువల్లో నెమ్మదిగా పొమ్మని బోర్డులుంటాయి. అక్కడ మానటీల వీపుమీద పంకా కోసిన మచ్చల్ని బట్టే శాస్త్రవేత్తలు ఒక్కోదాన్ని గుర్తుపడతారంటే, ఎన్నిసార్లు దెబ్బలు తిన్నాయో ఊహించుకోవచ్చు. మనకు దగ్గరి ఉదాహరణ శ్రీలంక. రామసేతు దగ్గర లోతు చాలదు కాబట్టి ముంబై నుంచి విశాఖ పోయే పెద్ద ఓడ శ్రీలంక దక్షిణపు కొసను చుట్టాల్సిందే. నీలి తిమింగలాలు మేతకు చేరేదీ సరిగ్గా అక్కడే. 2022లో ఎమ్మెస్సీ అనే పెద్ద ఓడల కంపెనీ తనంతట తానే తన ఓడల దారిని సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపింది. చట్టం కోసం ఆగలేదు. ఇలాంటి చోట వేగం తగ్గించడంకన్నా దారి మార్చడమే మేలని నాకనిపిస్తుంది. తిమింగలం లేని దారిలో గుద్దుకునే ప్రశ్నే రాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మన తీరాల్లో తాబేళ్ల చావుకు పడవ దెబ్బకన్నా వల పెద్ద కారణం. ట్రాలర్ వలలో చిక్కిన తాబేలు గాలికోసం పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. 2025 జనవరిలో కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. వల విషయంలో మనవాళ్లు చేసిన మంచి పనులూ ఉన్నాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలలో పడ్డ సుమారు రెండు టన్నుల తిమింగల సొరను మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. రక్షిత జీవిని వదలడానికి వల కోసుకున్న జాలరికి మహారాష్ట్రలో 2018 చివరినుంచి రూ. 25,000 దాకా పరిహారం ఇస్తున్నారు.

పడవ దెబ్బల లెక్క మాత్రం సరిగా తేలదు. పెద్ద ఓడ తిమింగలాన్ని గుద్దినా సిబ్బందికి తెలియకపోవచ్చు. అణియానికి కళేబరం వేలాడుతుండగా రేవుకు చేరాకే చూసుకున్న ఓడలున్నాయి. పంకా కోస్తే వరస గాట్లు పడతాయి, కానీ మొద్దు దెబ్బకు పైచర్మం చెక్కుచెదరకుండా లోపల ఎముకలు విరుగుతాయి. కళేబరం కుళ్లాక అది చెప్పడం కష్టం. తిమింగల సొర చస్తే చాలావరకు మునిగిపోతుంది, ఒడ్డుకు రావడం అరుదు.

లాంచీ ఎక్కేవాళ్లకు చెప్పదగ్గ మాటలు కొన్ని. కొంకణ్ తీరంలోని మురుద్‌లోనో తార్కర్లీలోనో డాల్ఫిన్ కనిపిస్తే "దగ్గరికి పోనీ అన్నా, తొందరగా" అని సరంగు మీద ఒత్తిడి పెట్టొద్దు. అతను వేగం పెంచేది మన కోసమే. నెమ్మదించి పక్కన ఉండమనండి, దాని ముందు దారికి అడ్డం పోవద్దనండి. నీటిపైన తాబేలు తల కనిపిస్తే చెయ్యెత్తి చూపించండి. కమ్మీ పక్కన నిలబడ్డ పిల్లల కళ్లు సరంగు కళ్లకన్నా ముందు పట్టేస్తాయి. గాయపడిన జీవో చచ్చిన జీవో ఒడ్డున దొరికితే ముట్టుకోవద్దు, నీళ్లలోకి తోయవద్దు. మహారాష్ట్ర అటవీ శాఖ హెల్ప్‌లైన్ నంబరు 1926.