బాగున్నప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష

మత్రాలో మా ఇంటి నుంచి కార్నిష్‌కి పది నిమిషాల నడక. సాయంత్రం మావారితో, ఐదేళ్ల బాబుతో సముద్రం పక్కన నడుస్తాను. ఒకప్పుడు గడప దాటాలంటే బాత్రూమ్ ఎక్కడుందో ముందు వెతుక్కున్న నాకు ఇది చిన్న విషయం కాదు.

2014లో, బి.ఎస్సీ. ఆఖరి ఏడాదిలో రక్తంతో విరేచనాలు మొదలయ్యాయి. మొలలనుకుని రెండు నెలలు ఆకు మందు వాడాం. చివరికి హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేసి, పెద్దపేగు మొత్తానికీ అల్సరేటివ్ కొలైటిస్ ఉందన్నారు. మెసలమైన్ మాత్రలతో కుదుటపడ్డాను. అప్పుడే డాక్టరుగారు, "ఎనిమిదేళ్లు దాటాక, బాగున్నా సరే, మళ్లీ కొలనోస్కోపీ చేయించుకోవాలమ్మా" అన్నారు.

2022 వచ్చింది, వెళ్లింది. బాబు టీకాలు, మావారి షుగర్ పరీక్ష, అత్తయ్యగారి కళ్ల ఆపరేషన్, అన్నీ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి. నాది మాత్రం వచ్చే సెలవులకు, ఆ పై సెలవులకు జరిగింది. మనలో చాలామంది ఇంతే కదా!

ఇంతకీ ఎనిమిదేళ్ల లెక్క ఎందుకు? పేగు లోపలి పొర ఏళ్ల తరబడి వాస్తూ, మానుతూ ఉంటే అక్కడి కణాలు మాటిమాటికీ కొత్తగా పుట్టాలి. ఆ క్రమంలో జన్యువుల్లో తప్పులు పోగుపడతాయి. క్యాన్సర్‌కు ముందు వచ్చే ఆ మార్పును డిస్‌ప్లేసియా అంటారు. మామూలుగా పెద్దపేగు క్యాన్సర్ పిలకలాంటి పాలిప్‌గా మొదలవుతుంది. కొలైటిస్ ఉన్నవారిలో ఇది చాలాసార్లు చదునుగా, పక్క పొరలో కలిసిపోయి ఉంటుంది. నొప్పి ఉండదు, రక్తం పడదు. అందుకే పేగు మీద రంగు ద్రావణం చల్లి, మార్పున్న చోట చిన్న ముక్కలు తీసి చూస్తారు. వాపు తగ్గి ఉన్నప్పుడు చేస్తేనే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కొలైటిస్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న ఈ సంబంధాన్ని 1925లోనే క్రోన్, రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ డాక్టర్లు రాశారు. 2001లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కేస్తే, క్యాన్సర్ వచ్చే అవకాశం పదేళ్లకు నూటికి 2, ఇరవై ఏళ్లకు 8, ముప్పై ఏళ్లకు 18 అని తేలింది. ఈ అంకెలు చూసి బెంబేలు పడకండి. తర్వాతి అధ్యయనాల్లో అవి బాగా తగ్గాయి. వాపును అదుపులో ఉంచే మందులు, వేళకు చేసే పరీక్షలు అందుకు ముఖ్య కారణాలు.

అందరికీ ముప్పు ఒకేలా ఉండదు. జబ్బు మలద్వారం దగ్గరి భాగానికే పరిమితమైతే మామూలు వాళ్లకంటే పెద్దగా ఎక్కువ కాదు. పేగంతా ఉంటే, వాపు తగ్గకుండా ఉంటే, అమ్మానాన్నలకో తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఎక్కువ. పీఎస్‌సీ అనే పిత్తనాళాల జబ్బు కూడా ఉన్నవారు ఎనిమిదేళ్లు ఆగకూడదు. అది తెలిసిన నాటి నుంచే ఏటా చేయించుకోవాలి. మిగతావారికి ముప్పును బట్టి ఏడాదికో, మూడేళ్లకో, ఐదేళ్లకో డాక్టరు చెబుతారు.

మొన్న 2025 వేసవి సెలవుల్లో పట్టుబట్టి హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. "బాగానే ఉన్నావుగా అమ్మా, కోరి కోరి ఈ పరీక్షలెందుకు?" అన్నారు అత్తయ్యగారు. "బాగున్నప్పుడే చూడాలట అత్తయ్యా" అన్నాను. ముందురోజంతా కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మనీళ్లు, పేగు శుభ్రం చేసే ఆ ఉప్పటి మందు. నిజం చెప్పాలంటే పరీక్ష కంటే ఆ మందు తాగడమే కష్టం. మత్తు ఇచ్చారు కాబట్టి మిగతాది నాకు తెలియదు.

బయాప్సీ ఫలితం కోసం వారం రోజులు ఆగాలి. బాబుకి అన్నం కలిపి పెడుతూ, మూడేళ్లు ఎందుకు వాయిదా వేశానా అని ప్రతి ముద్దకూ అనుకున్నాను. డిస్‌ప్లేసియా లేదని వచ్చింది. కానీ ఒకచోట, నాకు ఏ బాధా తెలియకుండానే, కొద్దిగా వాపు ఉంది. మందు మోతాదు మార్చి, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు.

మీలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, మొదలైన సంవత్సరం గుర్తుచేసుకుని ఎనిమిది కలపండి. బాగున్నామని మాత్రలు మీ అంతట మీరు మానేయకండి. పాత రిపోర్టులు ఫోన్‌లో దాచుకోండి, దేశం మారినా కొత్త డాక్టరుకు అవే ఆధారం. ఇక రక్తం పడుతుంటే, మొలలే అని ఇంట్లోనే తేల్చేయకండి.

మా వంటింటి క్యాలెండర్‌లో బాబు టీకా పక్కన ఇప్పుడు నా తేదీ కూడా ఉంది.