ఇంజిను జ్వరం: నిదానమే ప్రధానం

"నిదానమే ప్రధానం" అని ఇంట్లో రోజూ వింటాం. అక్కడ నిదానం అంటే తొందరపడకపోవడం. ఆయుర్వేదంలో నిదానం అంటే రోగమూలాన్ని కనిపెట్టడం. మాధవనిదానం అని గ్రంథమే ఉంది. పాత కారు వేడెక్కినప్పుడు ఈ రెండు అర్థాలూ పనికొస్తాయి.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే తీసుకుందాం. 1962లో ఇంగ్లండులో వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మన మద్రాసులో 1960లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి దగ్గర చుట్టం; హెరాల్డ్ చట్రాన్నే పొట్టిచేసి దీన్ని కట్టారు. మొదటి రకానికి 1147 సీసీ ఇంజిను, రెండు ఎస్.యు. కార్బురేటర్లు.

దారిలో వేడి చూపే ముల్లు పైకి పాకింది, ఇంజిను ఆగిపోయింది. చాలామంది వెంటనే కార్బురేటర్ మరలు తిప్పేస్తారు. అక్కడే పొరపాటు.

ముందు, ఎప్పుడు వేడెక్కిందో గుర్తు తెచ్చుకోవాలి. ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తుంటేనా? గాలి చాలట్లేదేమో, ఫ్యాన్ బెల్టు వదులైందా చూడాలి. వేగంగా వెళ్తుంటేనా? రేడియేటర్ పూడుకుపోయిందా, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడాలి. నీళ్లు తగ్గాయేమో చూడాలన్నా, ఇంజిను చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. ఒత్తిడి వల్ల లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

తర్వాత స్పార్కు. అది ఆలస్యంగా పడితే, బండిని లాగాల్సిన శక్తిలో కొంత ఉత్త వేడిగా మిగిలిపోతుంది.

కార్బురేటర్ ఆఖరున. స్పార్కు ప్లగ్గు కొన తెల్లబడితే పెట్రోలు తక్కువై ఇంజిను వేడెక్కుతోందన్నమాట. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ. లేత గోధుమరంగైతే సరే. ఎస్.యు.లో ఇంకో పరీక్ష ఉంది: ఇంజిను నడుస్తుండగా కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే పైకెత్తాలి. ఇంజిను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోతే తక్కువ, క్షణం పెరిగి సర్దుకుంటే సమంగా ఉన్నట్టు.

అసలు చిక్కు ఇంకోటి. ఈ ఇంజినుకి కార్బురేటర్లూ, పొగ పోయే గొట్టాలూ ఒకే పక్కన ఉంటాయి. ఇంజిను బాగా కాగితే కార్బురేటర్‌లో పెట్రోలే మరిగిపోతుంది. బండి ఆగి, కాసేపు చల్లారాక మామూలుగా స్టార్టయితే కార్బురేటర్‌ని తిట్టుకోకండి. వేడి ఎక్కణ్ణించి వచ్చిందో వెతకండి.

అది తేల్చకుండా అలాగే నడిపితే సిలిండర్ హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది. బెల్టుతో పోయేది ఇంజిను విప్పేదాకా వస్తుంది. అందుకే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం చూడాలి, ఆ తర్వాతే రెండోదానికి చెయ్యి వెయ్యాలి.