చంకలో బిళ్ళ: ఎమ్మారై ఏం చెబుతుంది?

మన ముత్తాతలు కాగితం మీద వేలిముద్ర వేసి, ఓడెక్కి చెరకు తోటలకు వెళ్ళారు. ఇప్పుడు కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి మన ఆడవాళ్ళు వీసా పట్టుకుని కువైట్ వెళ్తున్నారు. చాలామందికి ఇళ్ళలో వంట, అంట్లు, పిల్లల ఆలనా పాలనా పని. చేయి ఆడితేనే ఇంటికి డబ్బు వెళ్తుంది. అందుకే రొమ్ము క్యాన్సర్ అనగానే చంక గురించి కూడా తెలుసుకోవాలి.

చంకలో చిక్కుడు గింజల్లాంటి చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని లింఫ్ గ్రంథులు అంటారు. అవి వాస్తే మన ఊళ్ళలో "బిళ్ళ కట్టింది" అంటారు. రొమ్ములోని క్యాన్సర్ పాకితే, ఎక్కువగా మొదట చేరేది ఇక్కడికే.

కువైట్‌లో ఈ జబ్బుకు పెద్దాసుపత్రి సబాహ్ వైద్య ప్రాంతంలోని కువైట్ క్యాన్సర్ కంట్రోల్ సెంటర్. అది 1968లో మొదలైంది.

సాధారణంగా చంకను ముందు అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. అవసరమైతే ఎమ్మారై తీస్తారు. ఇందులో ఎక్స్‌రే ఉండదు, పెద్ద అయస్కాంతం ఉంటుంది. కాబట్టి గాజులు, తాళి, ముక్కుపుడక, మెట్టెలు, పిన్నులు అన్నీ తీసేయాలి. బోర్లా పడుకోవాలి. చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. మిషను గట్టిగా చప్పుడు చేస్తుంది. భయపడకండి, కదలకండి.

మంచి గ్రంథి గింజ ఆకారంలో ఉంటుంది, నడుమ కొవ్వు కనిపిస్తుంది. క్యాన్సర్ చేరితే పైపొర మందమవుతుంది, గ్రంథి గుండ్రంగా మారుతుంది, నడుమ కొవ్వు మాయమవుతుంది. అయితే మామూలు జబ్బుకూ గ్రంథి వాస్తుంది. 2 మిల్లీమీటర్ల కన్నా చిన్న మచ్చ ఎమ్మారైకి దొరకకపోవచ్చు. అందుకే బొమ్మ ఒక్కటే తీర్పు కాదు. అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు.

అనుమానం లేకపోతే, ఆపరేషన్‌లో నీలిరంగు మందుతోనో, రేడియోధార్మిక మందుతోనో మొదటి గ్రంథిని వెతికి పరీక్షిస్తారు. దాన్ని కాపలా గ్రంథి అనుకోవచ్చు. అది శుభ్రంగా ఉంటే మిగతావాటిని ముట్టుకోరు. ఒకటి రెండు కాపలా గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నా, రొమ్మును ఉంచి చిన్న ఆపరేషన్, రేడియేషన్ చేయించుకునే కొందరికి చంకంతా తీయనక్కర్లేదని 2011లో ఒక పెద్ద అమెరికా అధ్యయనం చూపింది. చంకంతా తీస్తే చేయి వాచి, బరువెక్కవచ్చు. బట్టలు పిండే చేతికి అది చిన్న కష్టం కాదు.

గడ్డ గానీ బిళ్ళ గానీ తగిలితే సిగ్గుపడి దాచకండి. సెలవు దాకా ఆగకండి. వైద్యం కోసం ఊరికి వస్తుంటే ఎమ్మారై సీడీ, ముక్క పరీక్ష రిపోర్టు వెంట తెచ్చుకోండి. ఇక్కడి డాక్టరు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తగ్గుతుంది.